మినెస్ట్రోనేకి ఎనామెల్ క్యాస్ట్ ఐరన్ గిన్నె నిజంగా కావాలా?

ఇంట్లో మినెస్ట్రోనే చేద్దామని రెసిపీ వెతికితే కూరగాయల కంటే ముందు గిన్నె కనిపిస్తుంది. లోపలా బయటా ఎనామెల్ పూసిన, రెండు చేతులతో గానీ లేవని క్యాస్ట్ ఐరన్ గిన్నె. డచ్ ఓవెన్ అని అమ్ముతారు. దాంట్లో రొట్టె బాగా కాలుతుంది, మాంసం బాగా ఉడుకుతుంది, నిజమే. ఇక్కడ చూసేది ఒక్కటే: బీన్సు, పాస్తా, నాలుగైదు రకాల కూరలు వేసి చిక్కగా కాచే ఇటాలియన్ సూప్‌కి ఆ గిన్నె ఎంతవరకు పనికొస్తుంది, ఎక్కడ ఇబ్బంది పెడుతుంది.

సూటిగా చెప్పాలంటే, దాని పనితనమంతా మొదటి అరగంటలోనే ఉంది. నీళ్లు పోసిన తర్వాత దానికీ మామూలు మందపాటి స్టీలు గిన్నెకీ పెద్ద తేడా లేదు. ఆ తర్వాత రెండు మూడు చోట్ల అది ఎదురు పని కూడా చేస్తుంది.

సైజు సంగతి ముందు తేల్చుకోవాలి, ఎక్కువమంది పొరపాటు పడేది అక్కడే. ఈ గిన్నెలు చేసే ఫ్రెంచ్ కంపెనీ లె క్రూజే వాళ్ల గుండ్రటి గిన్నెల్లో 24 సెంటీమీటర్లది 4.2 లీటర్లు, 26ది 5.3, 28ది 6.7. ఆరుగురికి సరిపడే మినెస్ట్రోనే పొయ్యి మీద మూడున్నర లీటర్ల దాకా వస్తుంది. లెక్క ప్రకారం 4.2 లీటర్లది చాలాలి, కానీ చాలదు. తరిగిన క్యాబేజీ వేసిన క్షణంలో గిన్నె అంచుదాకా నిండుతుంది, అది మగ్గి కిందికి దిగేదాకా కలపడానికి చోటుండదు. ఈ సూప్‌కి 26 సెంటీమీటర్లదే సరైన కొలత. 28ది ఖాళీగా ఉన్నప్పుడే బరువు, నిండాక సింకు దాకా మోయడం ఒక పెద్ద పని. 26దే మూతతో కలిపి ఐదు కిలోల దగ్గర తూగుతుంది. దాంట్లో మూడున్నర లీటర్ల సూప్ చేరితే ఎనిమిది కిలోలు దాటుతుంది. మణికట్టు నొప్పులున్నవాళ్లు ఈ ఒక్క కారణంతో వద్దనుకున్నా తప్పులేదు.

అమ్మేవాళ్లు ‘వేడి అంతటా సమానంగా పాకుతుంది’ అంటారు. అది నిజం కాదు. అల్యూమినియంతో పోలిస్తే పోత ఇనుము వేడిని నాలుగో వంతు వేగంతోనే పాకిస్తుంది. పొయ్యి మంట చిన్నదై గిన్నె అడుగు పెద్దదైతే నడుమ మాడుతుంది, అంచులు చల్లగా ఉంటాయి. ఇండక్షన్ పొయ్యి మీద, కాయిల్ గిన్నె అడుగు కంటే చిన్నదైతే, ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది: నడుమ ఉల్లిపాయ ఎర్రబడుతుంటే పక్కన తెల్లగానే ఉంటుంది. ఇనుముకున్న బలం వేరు. ఒకసారి ఎక్కిన వేడిని తొందరగా వదలదు. అందుకే సన్న సెగ మీద ఏడెనిమిది నిమిషాలు ఓపికగా వేడెక్కనిస్తే ఆ అసమానత చాలావరకు సర్దుకుంటుంది. పెద్ద మంట మీద తొందరపెడితే సర్దుకోదు.

ఆ బలం ఉపయోగపడేది సోఫ్రిట్టో దగ్గర, అంటే సన్నగా తరిగిన ఉల్లిపాయ, క్యారెట్, సెలరీని నూనెలో మగ్గించే దగ్గర. సూప్ రుచికి పునాది అదే. ఉల్లిపాయ 150 గ్రాములు, క్యారెట్ 100, సెలరీ కాడలు 100, మూడింటినీ అర సెంటీమీటరు ముక్కలుగా తరగాలి. ఆలివ్ నూనె నాలుగు టేబుల్ స్పూన్లు. నూనె గిన్నె చల్లగా ఉన్నప్పుడే పోయాలి. ఎనామెల్ అంటే ఇనుము మీద కరిగించి అతికించిన గాజు, ఖాళీ గిన్నెని పెద్ద మంట మీద వదిలేస్తే అది సన్నగా చిట్లుతుంది. నూనె వేడెక్కాక కూరలు, అర టీస్పూను ఉప్పు వేసి, మూత కొంచెం తెరిచి, సన్న సెగ మీద 20 నుంచి 25 నిమిషాలు మగ్గనివ్వాలి. మొదటి పది నిమిషాలు ముక్కలు నీరు వదులుతాయి, గిన్నెలోంచి వచ్చే చప్పుడు తడి తడిగా ఉంటుంది. నీరు ఇగిరాక ఆ చప్పుడు పొడిబారి చిటపటలాడుతుంది, ఉల్లిపాయ అంచులు గాజులా మెరుస్తాయి, నూనె విడిగా తేలుతుంది. ఇక్కడి నుంచి ఐదారు నిమిషాలు వదిలిపెట్టి పోకూడదు.

పల్చటి గిన్నెలో ఈ దశ దాటడం కష్టం. ముక్కలు పడగానే అడుగు చల్లారిపోతుంది, మంట పెంచుతాం, నీరు ఇగిరాక ఆ మంటకే అడుగంటుతుంది. బరువైన గిన్నెలో 350 గ్రాముల కూరలు పడినా వేడి పెద్దగా తగ్గదు. ఒకే సెగ మీద మొదటి నుంచి చివరి దాకా నడుస్తుంది, ప్రతి రెండు నిమిషాలకీ మంట సవరించే బాధ ఉండదు. చివర్లో టొమాటో పేస్టు రెండు టేబుల్ స్పూన్లు వేసి రెండు నిమిషాలు వేయించాలి. ఎర్రటి పేస్టు ఇటుక రంగుకి తిరిగి, అడుగున పల్చటి పొరలా అంటుకుంటుంది. దాన్ని మాడు అనుకుని భయపడక్కర్లేదు. తర్వాత నీళ్లు పోసి చెక్క గరిటెతో గీకితే అంతా ఊడి వచ్చి సూప్‌లో కలుస్తుంది. ఆ పొర ముదురు గోధుమ రంగు దాటి నల్లబడితే మాత్రం చేదు. అది మళ్లీ పోదు, పారేసి మొదలుపెట్టడమే.

ఈ పొర రంగు కనిపించాలంటే గిన్నె లోపలి ఎనామెల్ లేత రంగులో ఉండాలి. లె క్రూజే గిన్నెల లోపలి పూత ఇసుక రంగు, స్టౌబ్ అనే ఇంకో కంపెనీ గిన్నెలవి నల్లటి, మెరుపు లేని పూత. నలుపు మీద మరకలు కనబడవు, గరుకుదనం వల్ల మాంసం బాగా ఎర్రబడుతుంది. కానీ టొమాటో పేస్టు ఇటుక రంగులో ఉందో నలుపెక్కిందో నలుపు మీద తెలియదు, వాసన మీద ఆధారపడాలి. ఈ ఒక్క సూప్ కోసమే కొంటున్నవాళ్లు లేత రంగే తీసుకోవాలి. ఏడాది తిరిగేసరికి లోపల పసుపు పడుతుందని ముందే ఒప్పుకోవాలి మరి.

ఇంతవరకూ గిన్నెకి పూర్తి మార్కులు. నీళ్లు పోయగానే కథ మారుతుంది.

ఐదు కిలోల ఇనుము దాచుకునే వేడి, సుమారు అరలీటరు నీళ్లు దాచుకునే వేడితో సమానం. గిన్నెలో ఉన్నది మూడున్నర లీటర్లు. అంటే సూప్ వేడిని నిలబెడుతున్నది సూపే, గిన్నె కాదు. ‘బరువైన గిన్నె కాబట్టి నిలకడగా ఉడుకుతుంది’ అన్న మాట ఇక్కడ వర్తించదు. మూడు పొరల మందపాటి స్టీలు గిన్నెలో, సన్న సెగ మీద, అదే నిలకడతో ఉడుకుతుంది.

పోసే నీళ్లు వేడివే అయి ఉండాలి, లీటరున్నర. కాలుతున్న ఎనామెల్ మీద కుళాయి చన్నీళ్లు పోస్తే పూత చిట్లే ప్రమాదం ఉంది, పైగా ఉడుకు పావుగంట వెనక్కి పోతుంది. ఒక సెంటీమీటరున్నర ముక్కలుగా తరిగిన బంగాళాదుంప 250 గ్రాములు, పొట్టు తీసిన డబ్బా టొమాటోలు 400 గ్రాములు చేతితో చిదిమి, పార్మిజానో రెజానో చీజు తొక్క ఐదారు సెంటీమీటర్ల ముక్క, ఇవి ముందు పడాలి. పదిహేను నిమిషాలయ్యాక క్యాబేజీ 200 గ్రాములు, ఫ్రెంచ్ బీన్స్ 150. మరో పది నిమిషాలకి జుకినీ (దోసకాయలా కనిపించే పచ్చటి కూర) 250. జుకినీని మొదట్లోనే వేస్తే చివరికి దాని జాడే ఉండదు, పచ్చటి తొక్కలు మాత్రం తేలుతుంటాయి.

డబ్బా టొమాటోల్లో పూర్తి కాయలవే కొనాలి. ముక్కలుగా కోసి నింపిన వాటిలో చాలావాటికి ముక్క చెదరకుండా కాల్షియం క్లోరైడ్ కలుపుతారు. గంట ఉడికినా అవి కరగవు, సూప్‌లో గట్టిగా తగులుతుంటాయి. సాన్ మర్జానో రకం, అసలు ప్రాంతంలో పండినవని చెప్పే డీఓపీ ముద్ర ఉన్నవి బాగుంటాయి గానీ ఇన్ని కూరల మధ్య ఆ తేడా పట్టుకోవడం కష్టం. ఆ డబ్బు ఆలివ్ నూనె మీద పెట్టడం మేలు.

చీజు తొక్క గురించి ఒక మాట. పార్మిజానో తొక్క మైనం కాదు, ఆరి గట్టిపడిన చీజే. పైన కత్తితో గీకి కడిగి వేస్తే చాలు. అది ఉప్పు వదులుతుంది కాబట్టి అసలు ఉప్పు చివర్లోనే సరిచూడాలి. మూడున్నర లీటర్లకి, సోఫ్రిట్టోలో వేసింది కలుపుకుని, 25 గ్రాముల దగ్గర ఆగి రుచి చూడండి. అసలు పార్మిజానోని దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్‌తో (పాలని గడ్డకట్టించే పదార్థం) చేస్తారు, కాబట్టి శాకాహారులు తొక్క మానేసి, శాకాహార రెన్నెట్‌తో చేసిన వేరే గట్టి చీజుని వడ్డించేటప్పుడు తురుముకోవచ్చు.

టొమాటో పులుపు విషయంలో ఎనామెల్‌కి న్యాయంగా దక్కాల్సిన మార్కు ఒకటుంది. పూత లేని ఇనుప గిన్నెలో టొమాటో గంటసేపు ఉడికితే సూప్‌కి లోహపు రుచి వస్తుంది, గిన్నెకి పట్టించిన నూనె పొర పోతుంది. పూత లేని అల్యూమినియం కూడా పులుపుతో స్పందిస్తుంది. ఎనామెల్‌కి ఆ బాధ లేదు. కాకపోతే స్టీలుకీ లేదు.

ఇక మూత. ఈ గిన్నెల మూత బరువుగా, గాలి చొరబడనట్టు కూర్చుంటుంది. స్టౌబ్ మూతల లోపల చిన్న బొడిపెలుంటాయి, ఆవిరి వాటి మీద చేరి చుక్కలుగా తిరిగి కూర మీదే పడుతుంది. నీళ్లు తక్కువ పోసి ఉడికించే వంటకి అది వరం. మినెస్ట్రోనేకి అవసరం లేదు. ఈ సూప్ చిక్కబడాలి, ఆవిరి బయటికి పోవాలి. మూత పూర్తిగా పెట్టి ముప్పావు గంట ఉడికించినవాళ్లకి దొరికేది కూరలు తేలే ఎర్ర నీళ్లు. రెండు వేళ్ల సందు వదిలి మూత వాల్చాలి, చివరి పావుగంట పూర్తిగా తీసేయాలి. వెడల్పైన నోరు ఇక్కడ సాయం చేస్తుంది, లోతుగా ఇరుకుగా ఉండే గిన్నెలో అదే పని ఆలస్యమవుతుంది. అప్పటికీ పల్చగా ఉంటే రెండు గరిటెల సూప్, ఓ గుప్పెడు బీన్సుతో సహా, పక్కకి తీసి మెత్తగా చేసి కలపాలి. హ్యాండ్ బ్లెండర్‌ని గిన్నెలోనే దింపితే దాని లోహపు అంచు ఎనామెల్ మీద గీతలు పెడుతుంది.

బీన్సు సంగతికొస్తే, వాటిని ఈ గిన్నెలో ఉడికించకపోవడమే మంచిది. 200 గ్రాముల ఎండు బొర్లొట్టి గానీ కానెలీని గానీ (రెండూ ఇటాలియన్ బీన్సు రకాలే) రాత్రంతా లీటరుకి 15 గ్రాముల ఉప్పు కలిపిన నీళ్లలో నానబెట్టాలి. ఉప్పులోని సోడియం తొక్కలోని కాల్షియాన్ని కొంత పక్కకి నెట్టి తొక్కని మెత్తబరుస్తుంది. పొద్దున ఆ నీళ్లు పారబోసి, మంచినీళ్లలో విడిగా ఉడికించాలి. ఎర్ర కిడ్నీ బీన్స్ అయితే మరీ జాగ్రత్త: వాటిలోని ఫైటోహీమాగ్లుటినిన్ అనే విషపదార్థం పోవాలంటే కనీసం 10 నిమిషాలు, ఇంకా భద్రంగా ఉండాలంటే 30 నిమిషాలు, బాగా తెర్లుతూ ఉడకాలి. సన్న సెగ మీద మరగకుండా గంటలు ఉంచినా ఆ పని జరగదు. పులుపు బీన్సుని మెత్తబడనివ్వదు కాబట్టి టొమాటోతో కలిసి ఉడకబెట్టడం వృథా ప్రయాస. రెండు గంటలైనా లోపల పిండిగా తగులుతుంది. ప్రెషర్ కుక్కర్ ఉన్నవాళ్లకి ఇది దాని పని. ఉడికిన 500 గ్రాముల బీన్సుని జుకినీతో పాటు సూప్‌లో వేయాలి. ఉడికించిన నీళ్లని పారబోయకుండా, పోయాల్సిన లీటరున్నరలో ఒక అరలీటరు వాటితోనే సరిపెడితే సూప్‌కి చిక్కదనం వస్తుంది.

మొత్తం సూప్‌నే కుక్కర్‌లో పెట్టేస్తే సరిపోదా అని అడిగేవాళ్లుంటారు. ఆకలి తీరుతుంది. ఆవిరి బయటికి పోదు కాబట్టి చిక్కబడదు, అన్నీ ఒకే సమయానికి ఉడకవు కాబట్టి జుకినీ, బంగాళాదుంప కలిసి గుజ్జవుతాయి. ఒక్కో కూర విడిగా పంటికి తగలడమే ఈ సూప్‌లో ఉన్న సుఖం.

బరువైన గిన్నె నిజంగా దెబ్బతీసేది పాస్తా దగ్గర. డితాలిని లాంటి చిన్న పాస్తా 100 గ్రాములు చివర్లో సూప్‌లోనే వేయమని రెసిపీలు చెబుతాయి, ప్యాకెట్ మీద 9 నిమిషాలని ఉంటుంది. తొమ్మిదో నిమిషంలో పొయ్యి కట్టేసి మూత పెట్టి, వడ్డించేలోపు ఇరవై నిమిషాలు గడిస్తే పాస్తా ఉబ్బిపోయి గంజిలా అవుతుంది. అంత సూప్ ఎలాగూ వేడి పట్టి ఉంచుతుంది, దానికి వేడెక్కిన ఇనుమూ బిగుతైన మూతా తోడవుతాయి. వెంటనే తినేస్తామంటే ఆరో నిమిషంలో పొయ్యి ఆపి మూత లేకుండా వదలాలి. రేపటికి మిగిలేలా ఉంటే పాస్తాని విడిగా ఉడికించి ఎవరి గిన్నెలో వాళ్లకి వేయడమే దారి. మిలానో పద్ధతిలో పాస్తా బదులు బియ్యం వేస్తారు, దానికీ ఇదే జాగ్రత్త. జెనోవా పద్ధతిలో చివర్లో పెస్టో, అంటే బేసిల్ ఆకులతో నూరిన పచ్చడి, కలుపుతారు. మనిషికో టేబుల్ స్పూను, పొయ్యి ఆపాకే. మరుగుతున్న సూప్‌లో వేస్తే తులసి జాతి ఆకైన బేసిల్ నల్లబడి వాసన పోతుంది.

మిగిలిన సూప్‌ని ఆ గిన్నెలోనే పొయ్యి మీద రాత్రంతా వదిలేయడం ఇంకో సాధారణ పొరపాటు. వండిన పదార్థం 57 డిగ్రీల నుంచి 21కి రెండు గంటల్లో, అక్కడి నుంచి 5 డిగ్రీలకి మరో నాలుగు గంటల్లో దిగాలన్నది అమెరికా ఆహార భద్రతా నియమావళి చెప్పే లెక్క. మూత పెట్టిన ఐదు లీటర్ల ఇనుప గిన్నెలో అది జరగదు. వెడల్పైన, లోతు తక్కువ డబ్బాల్లోకి మార్చి, ఆవిరి తగ్గాక ఫ్రిజ్‌లో పెట్టాలి. మూడు నాలుగు రోజులు నిక్షేపంగా ఉంటుంది, రెండో రోజు రుచి మొదటి రోజు కంటే బాగుంటుంది. ఇటలీలోని టస్కనీలో ఆ మిగిలిన కూరల సూప్‌లో పాత రొట్టె ముక్కలు వేసి మళ్లీ కాచేదే రిబొల్లీటా.

కడగడం కష్టం కాదు. వేడి గిన్నెని చన్నీళ్ల కింద పెట్టకపోతే చాలు, చల్లారనిచ్చి కడగాలి. అడుగున మొండిగా పట్టింది పోవాలంటే లీటరు నీళ్లలో రెండు టేబుల్ స్పూన్ల వంటసోడా వేసి పది నిమిషాలు మరిగిస్తే చెక్క గరిటెకే ఊడుతుంది. స్టీలు పీచు వద్దు. గిన్నె అంచు, మూత అంచు ఒకదానికొకటి తగిలే చోట చాలా గిన్నెలకి పూత పల్చగా ఉంటుంది, తడి వదిలేస్తే అక్కడ తుప్పు గీత కనిపిస్తుంది. గుడ్డతో తుడిచి నూనె చుక్క రాస్తే ఆ సమస్య ఉండదు. లోహపు గరిటెని అంచు మీద కొట్టి దులిపే అలవాటున్న వంటింట్లో ఈ గిన్నె అంచు పెచ్చులూడటం ఖాయం. గాజు పొయ్యి మీద దీన్ని జరపకూడదు, ఎత్తి పెట్టాలి.

ఐదు లీటర్ల పైబడిన, అడుగు మందంగా ఉన్న స్టీలు గిన్నె ఇప్పటికే ఇంట్లో ఉంటే ఈ సూప్ కోసం ఇంకొకటి కొనక్కర్లేదు. సోఫ్రిట్టో అప్పుడు మంట ఇంకాస్త తగ్గించి, పక్కనే నిలబడి తరచూ కలిపితే ఫలితం దాదాపు అదే. ఉన్నవన్నీ పల్చటి గిన్నెలే అయితే, సన్న సెగ మీద గంటలకొద్దీ చేసే వేరే వంటలూ ఉంటే, అప్పుడు పెట్టిన డబ్బుకి న్యాయం జరుగుతుంది. పేరున్న బ్రాండే కావాలని లేదు. మందం, మూత కూర్చునే తీరు, పూత నునుపు చూసుకుంటే తక్కువ ధరలో దొరికేవీ ఇదే పని చేస్తాయి.

వాడినది కొనేటప్పుడు లోపలి అడుగుని వెలుతురులో పక్కనుంచి చూడండి. పసుపు మరకలు, మెరుపు తగ్గడం లెక్కలోకి రావు. వెంట్రుకంత సన్నటి గీతల వల ఉంటే అది ఎప్పుడో వేడికి దెబ్బతిన్నదే, బేరం గట్టిగా ఆడాలి. వంట తగిలే చోట పెచ్చు ఊడి నల్లటి ఇనుము బయటపడి ఉంటే తీసుకోవద్దు: పులుపు తగిలినకొద్దీ తుప్పు పక్కలకి పాకుతుంది, ఊడే పెచ్చులు గాజు ముక్కలు. బయటి వైపు, పిడుల దగ్గర ఊడినవి మాత్రం చూపుకే లోటు, సూప్‌కి కాదు.